చేటెడు తవుడు

కాకినాడ, ఫ్యాక్టరీ క్వార్టర్స్
19 జూలై 1998

నాన్నకి, అమ్మకి,

సత్యకుమారి రాసేది. ఇక్కడ నేనూ ఆయనా బాగున్నాం. వానలు పట్టుకున్నాయి, ఉతికిన బట్ట ఆరడం లేదు. ఆయనకి ఈ నెలంతా నైట్ డ్యూటీలు. ఫ్యాక్టరీ ల్యాబులో నీళ్ళు పరీక్ష చేసి చేసి, ఇంటికొచ్చాక కూడా మంచినీళ్ళ గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసుకుని గానీ తాగడం లేదు.

నాన్నా, నిన్నొక సంగతి అడగాలి. మొన్న సాయంత్రం క్వార్టర్స్ ఆడవాళ్ళం మెట్ల మీద కూర్చుని ఎవరి ఊరి నీళ్ళ గొప్ప వాళ్ళం చెప్పుకున్నాం. మొగల్తూరు మధులత వశిష్ఠ గోదావరి అంది. ఇంకొకావిడ గౌతమి అంది. అన్నీ ఋషుల పేర్లే. నా వంతు వచ్చి "మాది తవిటేరు" అన్నాను. ఒకటే నవ్వు. "తవుడేంటే? గేదెలు తాగే ఏరా?" అంది మధులత. నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చాక మాత్రం మనసు అక్కడే ఉండిపోయింది. ఆ ఏట్లోనే ఈత నేర్చుకున్నాను, నీ పడవ మీదే బడికెళ్ళాను, ఆ పేరెందుకొచ్చిందో ఒక్కనాడూ అడగలేదు. తెలిస్తే రాయి. వివరంగా రాయి. తొందరేమీ లేదు గానీ త్వరగా రాయి.

ఈసారి పులస పంపకండి. బస్సులో వచ్చేసరికి పాడైపోతుంది. పైగా ఈమధ్య చేప వాసన ఎందుకో పడటం లేదు. ఏమీ లేదని అమ్మకి చెప్పు.

మీ సత్య


రేవుపాలెం
26 జూలై 1998

నా బంగారు తల్లి సత్యమ్మకి, నాన్న బుల్లబ్బాయి రెండు చేతులూ నీ నెత్తిన పెట్టి రాస్తున్నది.

నీ ఉత్తరం పడవ మీద ఉండగా అందింది. పోస్ట్‌మాన్ ఒడ్డు నుంచి కేకేసి ఇచ్చాడు. పడవ నిండా జనం, అయినా ఆగలేక గట్టిగా చదివేశాను. గెడ వేయడం మరిచిపోతే పడవ పక్కకి తిరిగిపోయింది. "ఉత్తరం తర్వాత చదువుదువుగాని, ముందు మమ్మల్ని ఒడ్డున పడెయ్యవయ్యా!" అని ఒకటే కేకలు. రేవు దగ్గర టీ కొట్టు వరహాలక్ష్మిగారైతే "మీ నాన్నకి కూతురు కాగితం ముక్క పంపినా పెళ్ళి ఊరేగింపే" అంది. అననీ.

మీ అమ్మ మాత్రం పులస సంగతి విని ఉత్తరం నా చేతిలోంచి లాక్కుంది. చదువు రాదు కదా, ఆ వరస ఎక్కడుందో చూపించమని దాని మీద వేలు పెట్టుకుని కూర్చుంది. పల్లెకారుల పిల్లకి చేప వాసన పడటం లేదంటే ఏంటో దానికి తెలుసు. మీ అమ్మ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనడం లేదు. మనలో అనకూడదు కూడా. నేనేమీ అనలేదని మాత్రం నువ్వు గుర్తు పెట్టుకో.

ఇక పేరు సంగతి. మా నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఐదో క్లాసు చదువు, తప్పులుంటే నువ్వు దిద్దుకో.

ఇప్పుడు మన పాయ విడిపోయే చోటుంది చూశావూ, ఏటిమొదలు, అక్కడ గోదారమ్మకి పూర్వం ఒక పాయ పుట్టిందట. ముచ్చటగా నాలుగు ఊళ్ళ దాకా నడిచి, వేసవి వచ్చేసరికి ఇసక మేసి చచ్చిపోయింది. సముద్రం మొహం చూడలేదు. తర్వాత ఇంకొకటి పుట్టింది. అదీ అంతే. పొలాల్లో ఆ రెండు పల్లాలూ ఇప్పటికీ ఉన్నాయి, నువ్వు చిన్నప్పుడు వాటిలో తుంగ కోసుకొచ్చేదానివి.

ఇక్కడికొచ్చేసరికి నా చెయ్యి ఆగింది తల్లీ. ఈ ముక్క కొట్టేద్దామా అనుకున్నాను. కథ అలా ఉంది మరి, నేనేం చేసేది. ముందుకి చదువు, ముందంతా మంచే.

మూడో పాయ పుట్టినప్పుడు మన పల్లెకారుల ముసలమ్మ ఒకత్తె, ఆవిడ పేరు ఎవరికీ తెలీదు, చేట నిండా తవుడు పోసుకుని ఏటిమొదట్లో మొలలోతు నీళ్ళలోకి దిగిందట. "గోదారమ్మా, నీకు పిల్లలు దక్కడం లేదు. నీవన్నీ గొప్ప పేర్లు, గొప్ప పిల్లలు. అందరి కళ్ళూ నీ మీదే. ఈ బక్కదాన్ని నాకమ్మేయ్. ఇదిగో ధర, చేటెడు తవుడు" అని నీళ్ళలో పోసేసింది. దోసిలితో ఆ పాయ నీళ్ళు తీసుకుని కొంగులో పోసుకుంది. అమ్మకం అయిపోయింది! అప్పటినుంచి అది గోదారి పిల్ల కాదు. తవుడిచ్చి కొనుక్కున్న పిల్ల. అందుకని తవిటేరు. అంత తక్కువ ధర పిల్ల మీద ఎవడి కన్ను పడుతుంది? ఇసక కూడా చూసి పక్కకి పోయింది. ఇన్నాళ్ళలో ఏ వేసవిలోనూ ఎండలేదు. నువ్వే చూశావు.

అందుకే మన రెండు ఒడ్డుల్లోనూ, ముందు పిల్లలు దక్కని ఇంట పుట్టిన బిడ్డని ఏటిమొదట్లో చేటలో పెట్టి అమ్ముతారు. ఎవరో ఒకరు తవుడిచ్చి కొంటారు. తవిటయ్య అనో తవిటమ్మ అనో పిలుస్తారు. అన్నప్రాసన దాకా ఆ బిడ్డ కొన్నవాళ్ళదే. కన్నవాళ్ళు పెంచిపెట్టే వాళ్ళు మాత్రమే.

మధులతగారికి చెప్పు, మా ఏరు గేదెలు తాగేది కాదు, మృత్యువు చూసి మొహం తిప్పుకునేది అని.

నేనేమీ అనడం లేదు. కొంచెం జాగ్రత్తగా ఉండు. స్కూటరెక్కకు. అల్లుడుగారికి నా నమస్కారాలు. మళ్ళీ చెబుతున్నా, నేనేమీ అనలేదు.

నాన్న


కాకినాడ
11 అక్టోబరు 1998

నాన్నకి,

నువ్వేమీ అనలేదు కాబట్టి నేనూ ఏమీ చెప్పడం లేదు. కానీ అమ్మ పంపిన పాత చీరల మెత్తటి గుడ్డలు అందాయి. ఏమీ లేనిదానికి అన్ని గుడ్డలెందుకో!

నీ కథ ఆయనకి చదివి వినిపించాను. మొదటి రెండు పాయల దగ్గర ఆయన లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆ ఇద్దరి గురించి మేము మాట్లాడుకోం నాన్నా. ఒకరోజు బతికిన వాడి గురించీ, అసలు ఏడవనే ఏడవని దాని గురించీ. తర్వాత వచ్చి "డాక్టరుగారు ఉన్నారు, ఇంజెక్షన్లున్నాయి. నా బిడ్డని తవుడికి అమ్మడం ఏంటి సత్యా, అదేమన్నా కోడిపెట్టా?" అన్నారు. కోపంగా కాదు. భయంగా అన్నారు. ఆయన భయం అలాగే ఉంటుంది, లెక్కల్లో. మందుల పట్టీ గోడకి అంటించి టిక్కులు పెడతారు.

ఒక్కటి అడుగుతాను. అమ్మేవాళ్ళకి నమ్మకం లేకపోతే అమ్మకం చెల్లుతుందా?

ఊరికే అడిగాను.

సత్య


(కార్డు)
కాకినాడ, 8-12-98

మావయ్యగారికి నమస్కారములు. ఈ ఉదయం ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.
అప్పాజీ


రేవుపాలెం
10 డిసెంబరు 1998

నా తల్లీ! నా బంగారమా! నా తల్లిని కన్న తల్లీ!

ఎలా మొదలెట్టాలో తెలియక మూడు కాగితాలు చించేశాను. ఆడపిల్ల! అల్లుడుగారి కార్డు చొక్కా జేబులో పెట్టుకుని, పడవ ఎక్కిన ప్రతివాడికీ తీసి చూపించాను. రేవు దాటడానికి ఇవాళ ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. మిల్లు అచ్చిబాబుగారు "ఏంటి బుల్లబ్బాయ్, మనవరాలు పుడితే పడవ కూడా ధర్మానికేనా?" అన్నారు. ధర్మానికే అన్నాను! బెల్లం అచ్చు తెచ్చి రేవులో పంచాను. చీమలక్కూడా దక్కింది.

ఆగు, అసలు సంగతి వేరే ఉంది. కార్డు చదివిన వెంటనే మిల్లుకి పరిగెత్తాను. కొత్త ధాన్యం ఆడుతున్నారు, తవుడు ఇంకా వెచ్చగా ఉంది. చేట నిండా తెచ్చి, నీ చిన్నప్పటి పరికిణీ ముక్క పాప బదులు అందులో పెట్టి, ఏటిమొదట్లో దిగాను. చలికి పళ్ళు టకటకమన్నాయి. తవుడంతా పోసేసి "మా సత్యమ్మ కూతురిని నేను కొన్నాను, నేను కొన్నాను" అని అరిచాను. ఇక భయం లేదు. కొనేశాను తల్లీ! పాప నాది!

నేను రావాలనే ఉంది. కానీ కోతల రోజులు, కూలీలందరూ ఈ ఒక్క పడవ మీదే దాటాలి. మీ అమ్మ సాయంత్రం బస్సుకి బయల్దేరుతోంది, ఈ ఉత్తరం దాని చేతికే ఇస్తున్నాను. సంచీ సర్దుకుంటూ ఏదో గొణుగుతోంది, "నువ్వెలా కొంటావయ్యా" అంటోంది. నాకే ముందు తట్టిందని కుళ్ళు. రాయడానికి టైము లేదు, బస్సువాడు హారను కొడుతున్నాడు.

పాప ఎవరి పోలిక? రాయి, రాయి, రాయి.

నాన్న


కాకినాడ, ఆస్పత్రి
14 డిసెంబరు 1998

నాన్నకి,

అమ్మ రాయొద్దంది. కానీ నీకు రాయకపోతే ఇంకెవరికి రాస్తాను.

పాప ఎనిమిదో నెలలోనే వచ్చేసింది. కిలోన్నర కూడా లేదు. పుట్టినప్పటి నుంచి గాజుపెట్టెలో ఉంది. నేనింతవరకూ ఎత్తుకోలేదు. రోజుకి రెండుసార్లు అద్దం బయట నుంచి చూడనిస్తారు. నిన్నటి నుంచి పచ్చకామెర్లు కూడా పట్టి నీలం లైటు కింద పెట్టారు. కళ్ళకి గంతలు. ఆయన క్షేమం అని రాసింది అబద్ధం కాదు నాన్నా, ఆయన ఆశ అది.

నువ్వు కొన్నావని చదవగానే నాకు ఊపిరొచ్చింది. అమ్మని పట్టుకుని నవ్వాను. అప్పుడు అమ్మ వరండాలో కూలబడి చెప్పేసింది. ఇంటివాళ్ళు కొంటే చెల్లదట కదా. పరాయివాళ్ళు కొనాలట, కన్నవాళ్ళలో ఒకరు స్వయంగా అమ్మాలట. "మీ నాన్న సంతోషం పట్టలేక వాకిట్లో సామాను పెరట్లోకి అమ్ముకున్నాడు" అంది.

నాకు కోపం లేదు. నేను ఈ మంచం దిగి అంతదూరం రాలేను. ఆయన్ని అడగను. పాప పక్క నుంచి ఆయన్ని కదపడం నా వల్ల కాదు, నమ్మకం లేని పనికి అసలే కదపలేను. ఏరు మాత్రం రోజూ గుర్తొస్తోంది. ఆ నీలం లైటు నీళ్ళలాగే ఉంటుంది.

సత్య


రేవుపాలెం
17 డిసెంబరు 1998

సత్యమ్మ తల్లికి,

మీ అమ్మ చెప్పింది నిజం. అరవై ఏళ్ళుగా ఈ ఒడ్డున ఉండి, ఎన్ని అమ్మకాలు చూశానో. ఇంటివాడు కొనకూడదని నాకు తెలియదా? తెలుసు. ఆ రోజు ఏదీ గుర్తు లేదు. నాదే, నాదే అనుకున్నాను. అలా అనుకోకుండా ఉండటానికే కదా ఈ అమ్మకం పెట్టింది. నాది అని అరిచిన నోరు ఇప్పుడు మూసుకున్నాను.

వరహాలక్ష్మిగారి దగ్గరికి వెళ్ళాను. కడుపున పుట్టిన అందరూ దక్కిన మనిషి. సంగతంతా విని పొయ్యి మీది టీ దించింది. తర్వాత "కొనడానికి నేను రెడీ. అమ్మేవాళ్ళేరి?" అంది.

అప్పట్లో నువ్వొకటి అడిగావు, నమ్మకం లేని చెయ్యి అమ్మితే చెల్లుతుందా అని. ఇన్నాళ్ళూ ఆలోచించాను. గోదారమ్మకి మాత్రం నమ్మకం ఉందా? ఆవిడ ఊరుకుంది, అంతే. పిల్ల దక్కాలని ఊరుకుంది. అంతకంటే నమ్మకం ఇంకేం కావాలి? కానీ అల్లుడుగారిని నువ్వు అడగొద్దు. నేనూ అడగను. ఆయన బిడ్డ దగ్గర కాపలా ఉన్నాడు, అదీ మొక్కే.

నువ్వు అన్నం తిను. ఆయన చేత తినిపించు.

నాన్న


రేవుపాలెం
21 డిసెంబరు 1998

సత్యమ్మా! తల్లీ! కూర్చుని చదువు. మీ అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టి గట్టిగా చదువు.

నిన్న పొద్దున్నే పొగమంచులో అవతలి ఒడ్డున స్కూటరు హారను. ఎవరో ఆఫీసరనుకుని పడవ తీసుకెళ్ళాను. చూద్దును కదా, అల్లుడుగారు! మఫ్లరు కట్టుకుని, కళ్ళు ఎర్రగా. నీకు రాసిన ఉత్తరం ఇంటికొస్తే ఆయనే విప్పి చదివారట. పాపకేమన్నా అని అడగలేక పడవ తాడు రెండుసార్లు కట్టాను. ఆయనే "కామెర్లు తగ్గుతున్నాయండి, పాలు ట్యూబుతో పడుతున్నారు" అన్నారు. గెడ పట్టుకుని ఏడ్చేశాను.

"నేను వాటర్ శాంపిల్ కోసం వచ్చానండి" అన్నారు. నిజంగానే జేబులో సీసా ఉంది. కానీ స్కూటరు వెనక ఇంత పెద్ద బస్తా! "శాంపిల్ దీంట్లో పోస్తారా బాబూ?" అన్నాను. ఆయన అటు తిరిగి "తవుడండి. దాణా కొట్లో కొన్నాను. పాతిక కేజీలు" అన్నారు. రైసు మిల్లు ఎదురుగా ఉన్న ఊరికి కాకినాడ నుంచి తవుడు మోసుకొచ్చాడమ్మా మహానుభావుడు!

వరహాలక్ష్మిగారు కొట్టు మూసి వచ్చింది. బస్తా చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంటండీ అల్లుడుగారూ, తవుడు తేవాల్సింది కొనేదాన్ని నేను కదా. పిల్లా మీదే, తవుడూ మీదే అయితే ఇక నేను కొనేదేంటి?"

"నాకు తెలీదండి. తక్కువైతే చెల్లదేమోనని..."

"తక్కువైతేనే చెల్లుతుంది బాబూ. బస్తా ఇచ్చి కొంటే మంచి సరుకని లోకానికి తెలిసిపోదూ!"

బస్తా ఆవిడ గేదెకి పోయింది. ఆవిడే మిల్లులోంచి చేటెడు తవుడు తెచ్చుకుంది. అల్లుడుగారు ప్యాంటు మడిచి ఏటిమొదట్లో దిగారు. జేబులోంచి చిన్న తెల్ల టోపీ తీశారు, పాపకి పెట్టిందట. అరచేతిలో పెడితే నిమ్మకాయంత ఉంది. దాని నాడాలు ముడేయబోయి ఆయన రెండుసార్లు జార్చారు. చలి అన్నారు. నేనూ చలే అన్నాను.

ఇప్పుడు అమ్మేవాడు పనికిరాని పిల్ల అని బిడ్డని నోటితో తీసిపారేయాలి కదా, ఎవరి కన్నూ పడకుండా. "అనండి బాబూ" అంది వరహాలక్ష్మిగారు. ఆయన "పిల్ల..." అంటారు, ఆగిపోతారు. పన్నెండు రోజులుగా అద్దంలోంచి చూస్తున్న బిడ్డని పనికిరానిదని ఏ తండ్రి అంటాడు? నేను ఒడ్డున నిలబడి మనసులోనే అనుకుంటున్నాను, అను నాయనా, ఒక్క ముక్క, ఏదో ఒక వంక. చివరికి ఆయన నా వైపు చూసి,

"ముక్కు మా మావయ్యగారిదండి. అంతకంటే లోపం ఇంకేం చెప్పమంటారు?" అన్నారు.

వరహాలక్ష్మిగారు నీళ్ళలోనే విరగబడి నవ్వింది. తవుడు సగం ఒలికిపోయింది. "అయితే సగం ధరే ఇస్తాను!" అంటూ మిగిలింది పోసేసి, టోపీ కొంగులో వేసుకుంది. అమ్మకం అయిపోయింది తల్లీ. చెల్లింది. తవుడు నీటి మీద పసుప్పచ్చగా పరుచుకుని, గోదారి వైపు పోకుండా మన ఏటి వైపే తిరిగింది. నేను చూశాను. అల్లుడుగారు కూడా చూశారు. ప్రవాహం అటే కదండీ అన్నారు. అవును బాబూ, అటే అన్నాను.

తర్వాత శాంపిల్ కూడా పట్టుకున్నారు. పని మీద వచ్చిన మనిషి కదా.

నాన్న


కాకినాడ
18 జనవరి 1999

నాన్నకి,

ఇది ఇంటినుంచి రాస్తున్నాను. నా ఒళ్ళో ఎవరున్నారో చెప్పుకో. అందుకే అక్షరాలు వంకరగా ఉన్నాయి.

మొన్న పంపించేశారు. రెండు కేజీలు దాటింది. మొదటిసారి చేతికిచ్చినప్పుడు బరువే తెలియలేదు, వేడి తెలిసింది. పాలు తనే తాగుతోంది, తాగి నా మీదే కక్కుతోంది. అమ్మ ఇప్పుడు గొణగడం మానేసి పాడుతోంది, అదే ఎక్కువ కష్టంగా ఉంది.

ఆస్పత్రిలో కాగితాల మీద ఇన్నాళ్ళూ సత్యకుమారి బేబీ అనే రాశారు. ఇంటికి పంపేటప్పుడు నర్సు పేరడిగింది. నేను ఆయన మొహం చూశాను. ఆయన కలం తీసుకుని తనే రాశారు, తవిటమ్మ అని. "ఈ రోజుల్లో ఇదేం పేరండీ?" అంది ఆవిడ. "మా ఊరి ఏరు పేరండి" అన్నారు. మా ఊరి, అన్నారు నాన్నా. ఆయనది కాకినాడ కదా.

మధులత చూడటానికి వచ్చింది. పేరు చెప్పాను. నవ్వలేదు. పాప పిడికిలి విప్పి చూసి, "మా వశిష్ఠ గోదారికి కూడా ఇలాంటి పేరు పెట్టాల్సింది" అంది.

నీటి సీసా అలమరాలో ఉంది. పరీక్ష చేశారా అంటే, చేశాను, బాగానే ఉంది అన్నారు. మూత సీలు ఇంకా అలాగే ఉంది.

వైశాఖంలో అన్నప్రాసన ఏటిమొదట్లోనే చేద్దామన్నారు. అందాకా పాప ఎవరిదో నీకు తెలుసుగా. జాగ్రత్తగా రాయి.

సత్య


రేవుపాలెం
23 జనవరి 1999

రేవు టీ కొట్టు వరహాలక్ష్మిగారి పిల్లని పెంచిపెడుతున్న సత్యకుమారిగారికి, రేవు మీద ఉండే ఒక పడవవాడు రాస్తున్నది.

మీ ఇంట ఉన్న పిల్ల గురించి తెలిసింది. మాకేమీ సంతోషం లేదు. నేను ఉత్తరం పట్టుకుని గట్టు మీద గెంతానని ఎవరైనా చెబితే నమ్మొద్దు, కాలికి ముల్లు గుచ్చుకుంది. కళ్ళలో నీళ్ళు పొగ వల్ల. పోస్ట్‌మాన్‌ని కావిలించుకున్నది చలికి.

పిల్ల నల్లగా ఉంటుందట. ఉండనీ. జుట్టు లేదట. లేకపోనీ. ముక్కు సంగతి ముందే విన్నాం, అలాంటి ముక్కుతో ఎలా బతుకుతుందో పాపం. అయినా అరవై ఏళ్ళు బతికినవాళ్ళు ఉన్నారు. తాగిన పాలు కక్కుతుందట. ఒట్టి పనికిరాని పిల్ల. చేటెడు తవుడు కూడా ఎక్కువే, సగం ఒలికిపోవడం మంచిదయింది.

వరహాలక్ష్మిగారు రోజూ కొట్లో అందరితో "నా పిల్ల కాకినాడలో పెరుగుతోంది" అని గొప్పలు పోతోంది. నేను పక్కనే టీ తాగుతూ, అవునా అండీ, ఎవరి పిల్లండీ అంటున్నాను. ఎంత కష్టంగా ఉందో ఆ ఏరుకే తెలుసు. ఒక్కోసారి పడవలో ఎవరూ లేనప్పుడు ఏటి మధ్యకి వెళ్ళి ఆ పేరు ఒకసారి పిలుస్తున్నాను. ఏటినే పిలుస్తున్నాననుకుంటారులెండి, ఎవరైనా వింటే.

వైశాఖంలో నీళ్ళు తగ్గుతాయి, ఎండవు. మీరు ముగ్గురూ అవతలి ఒడ్డుకి వచ్చి హారను కొట్టండి. పరాయి పడవవాడినే గానీ, తొందరగా వస్తాను. వరహాలక్ష్మిగారు ఒక మాట ఒప్పుకుంది. ఏరు మధ్యకి వచ్చాక ఆవిడ పిల్లని ఒక్కసారి నా చేతికివ్వచ్చట. గెడ అల్లుడుగారు పట్టుకుంటారు. ఆయనకి వేయడం రాదు, పడవ పక్కకి తిరుగుతుంది. తిరగనీ.

బుల్లబ్బాయి